డేటా కంట్రోలర్‌తో మోర్స్: తీగ కలపడం నుంచి మొదటి కాంటాక్ట్ దాకా

సాయంత్రం ఏడు దాటాక రిసీవర్‌ను 7 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టి, 7.000 నుంచి 7.030 దాకా డయల్ మెల్లగా తిప్పండి. సన్నని ఈలల్లాంటి చప్పుళ్లు ఒకదాని పక్కన ఒకటి తగులుతాయి. ఒకటి గబగబా, ఒకటి తాపీగా, ఇంకొకటి ఉప్పెనలా లేచి మళ్లీ అడుగంటుతూ. అవన్నీ మోర్స్‌లో, అంటే పొట్టి పొడవు చప్పుళ్ల లిపిలో, మాట్లాడుకుంటున్న మనుషులే. మన దేశంలో తంతి సేవ 2013 జులైలో ఆగిపోయింది. ఓడలు 1999 ఫిబ్రవరి 1 నుంచి మోర్స్ అవసరం లేకుండానే నడుస్తున్నాయి. హామ్‌లు, అంటే రేడియోని అభిరుచిగా వాడేవాళ్లు, మాత్రం దాన్ని వదల్లేదు.

ఈ మార్గదర్శి ఎవరి కోసమంటే, చేతిలో లైసెన్సు, ఇంట్లో ఒక హెచ్ఎఫ్ రిగ్ (షార్ట్‌వేవ్‌లో వినే, పంపే రేడియో), ఎవరో పెద్ద హామ్ దగ్గర తీసుకున్న పాత డేటా కంట్రోలర్ (రేడియోకీ కంప్యూటర్‌కీ మధ్య కూర్చుని మోర్స్‌ని అక్షరాలుగా, అక్షరాలని మోర్స్‌గా మార్చే పెట్టె) ఉండి, దాన్ని మోర్స్‌కి ఎలా వాడాలో తెలియక అటకమీద పెట్టినవాళ్ల కోసం. ఉదాహరణలకు నేను పీకే-232 తీసుకుంటున్నాను. 1980ల్లో అమెరికాలో ఏఈఏ అనే కంపెనీ తెచ్చిన పెట్టె ఇది, తర్వాత టైమ్‌వేవ్ చేతికి వెళ్లింది. మీ దగ్గర కాంట్రానిక్స్ వాళ్ల కామ్ ఉన్నా, ఎంఎఫ్‌జే 1278 ఉన్నా పని తీరు అదే. ఆదేశాల పేర్లు మారతాయంతే.

ఒక మాట ముందే చెప్పేస్తాను, ఎందుకంటే మిగతా అంతా దాని మీదే నిలబడి ఉంది. ఈ పెట్టె మోర్స్ పంపడంలో మనకంటే మెరుగు. వినడంలో మాత్రం మన చెవికి సాటి రాదు. పంపే పని దానికి అప్పగించి, వినే పనిలో దాన్ని పక్కన కూర్చున్న తోడులా పెట్టుకుంటే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

లైసెన్సు సంగతి

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది, లైసెన్సూ అక్కడి నుంచే. జనరల్ గ్రేడ్‌కి నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ వినడం, పంపడం రావాలి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ పరీక్ష లేదు. మీ లైసెన్సు కాగితంలో ఏయే ఎమిషన్లకు (ప్రసార రకాలకు) అనుమతి ఉందో ఒకసారి చూసుకోండి. చెవితో వినే మోర్స్‌ని ఏ1ఏ అని, యంత్రం చదవడానికి పంపేదాన్ని ఏ1బీ అని రాస్తారు. మీ గ్రేడ్‌కి అది లేకపోతే ఈ మార్గదర్శిలో వినే భాగం వరకు చేయండి, పంపే భాగాన్ని డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే, సిగ్నల్‌ని గాలిలోకి పోనివ్వని రెసిస్టర్) మీదే ఉంచండి.

విశాఖలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు. పెట్టె చేతిలో ఉంది కదా అని హామ్ బ్యాండ్లు దాటి కనిపించిన ప్రతి సిగ్నల్‌నీ చదవడానికి పోకండి. మనవి కాని సందేశాలు పొరపాటున చెవిన పడినా రాసుకోకూడదు, ఎవరికీ చెప్పకూడదు. మన బ్యాండ్లలోనే జీవితకాలానికి సరిపడా పని ఉంది.

పెట్టె ఏం లెక్కపెడుతుంది

మోర్స్ అంతా కాలం లెక్క. డిట్ అనే పొట్టి చప్పుడు ఒక మాత్ర అనుకుంటే డా అనే పొడవు చప్పుడు మూడు మాత్రలు. ఒకే అక్షరంలో చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఒక మాత్ర ఖాళీ, అక్షరాల మధ్య మూడు, మాటల మధ్య ఏడు. పద్యానికి గురులఘువులు లెక్కపెట్టిన వాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది. తేడా ఒకటే, ఇక్కడ నిశ్శబ్దానికి కూడా మాత్రలున్నాయి.

వేగం లెక్కకి పారిస్ అనే మాటను కొలబద్దగా పెట్టుకున్నారు. చివరి ఖాళీతో కలిపి అది సరిగ్గా 50 మాత్రలు. అందుకే 1200ని వేగంతో భాగిస్తే ఒక డిట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. నిమిషానికి 8 మాటలైతే 150, 12 అయితే 100, 20 అయితే 60.

పెట్టె చేసేది ఇంతే. వచ్చిన శబ్దంలోంచి ఒక సన్నని ఫిల్టర్‌తో మనకు కావలసిన స్వరాన్ని వేరు చేస్తుంది. స్వరం ఉందా లేదా అని చూస్తుంది. ఉన్నంతసేపు, లేనంతసేపు కొలిచి, ఇది డిట్టా డానా, ఇది అక్షరం మధ్య ఖాళీనా మాటల మధ్య ఖాళీనా అని తేలుస్తుంది. అర్థం దానికి అక్కర్లేదు. అందుకే ఎవరైనా చేత్తో కొట్టేటప్పుడు ఖాళీలు కాస్త అటూఇటూ అయితే అది తడబడుతుంది.

ఎలా తడబడుతుందో దగ్గరగా చూడండి. సీ అంటే డా డిట్ డా డిట్. కొట్టేవాడు మధ్యలో ఒక్క క్షణం ఆగితే అది డా డిట్, డా డిట్ అని రెండుగా విరుగుతుంది. అంటే రెండు ఎన్‌లు. క్యూ అంటే డా డా డిట్ డా. అది మధ్యలో విరిగితే ఎం, ఏ అవుతుంది. అలా ‘సీక్యూ’ (ఎవరైనా పలకండి) అని పిలిచినవాడి పిలుపు మీ తెర మీద ‘ఎన్ ఎన్ ఎం ఏ’ అని పడుతుంది. ఖాళీలు కలిసిపోతే ఇంకో రకం. డీ, ఈ అనే రెండక్షరాలు అతుక్కుంటే డా డిట్ డిట్ డిట్, అంటే బీ. టీ, హెచ్ అతుక్కుంటే 6 అంకె. ఇవి నాలుగు రోజులు చూస్తే మీకే పట్టు దొరుకుతుంది. తెర మీద ‘ఎన్ ఎన్ ఎం ఏ’ కనిపించగానే ఎవరో పిలుస్తున్నారని మనసు చెప్పేస్తుంది.

తీగలు కలపడం

మూడు దారులున్నాయి. రిగ్ నుంచి పెట్టెకి శబ్దం, పెట్టె నుంచి రిగ్ కీ జాక్‌కి (మోర్స్ కొట్టే మీట గుచ్చే చోటికి) కీయింగ్ లైన్, పెట్టెకీ కంప్యూటర్‌కీ మధ్య సీరియల్ కేబుల్. ఇవి కాక కరెంటు. పీకే-232కి రిగ్‌కి ఇచ్చే 13.8 వోల్టుల సప్లై నుంచే ఇవ్వొచ్చు, ఆంపియర్ కంటే తక్కువే తీసుకుంటుంది. పాజిటివ్, నెగెటివ్ మల్టీమీటర్‌తో చూసుకున్నాకే ప్లగ్ పెట్టండి. ఆ దారిలో చిన్న ఫ్యూజు వేస్తే ఇంకా మంచిది.

శబ్దాన్ని స్పీకర్ జాక్ నుంచి కాకుండా రిగ్ వెనకాల ఉండే యాక్సెసరీ జాక్ నుంచి తీయండి. స్పీకర్ వాల్యూమ్ ఎంత తిప్పినా అక్కడి మట్టం మారదు. రాత్రి ఇంట్లో వాళ్లు పడుకున్నాక వాల్యూమ్ తగ్గించినా పెట్టె తన పని చేసుకుంటుంది. కేబుల్ షీల్డ్ ఉన్నదే వాడండి.

కీయింగ్ దగ్గర జాగ్రత్త కావాలి. పీకే-232 వెనక రెండు కీయింగ్ అవుట్‌పుట్‌లుంటాయి, ఒకటి పాజిటివ్, ఒకటి నెగెటివ్. ట్రాన్సిస్టర్ రిగ్‌లన్నిటికీ పాజిటివ్ వాడాలి. నెగెటివ్ పాత వాల్వ్ సెట్ల కోసం, కీ జాక్‌లో నెగెటివ్ వోల్టేజీ ఉండే వాటి కోసం. అనుమానంగా ఉంటే, రిగ్ ఆన్‌లో ఉండగా కీ జాక్ కొనకీ బాడీకీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. పాజిటివ్ చూపిస్తే పాజిటివ్ అవుట్‌పుట్, అంతే.

నేను మొదటిసారి కలిపినప్పుడు ఆన్ చేయగానే రిగ్ ఆగకుండా డా డా డా అని కొట్టడం మొదలుపెట్టింది. పెట్టె పాడైందని టెన్షన్ పడి అరగంట దాని స్క్రూలు విప్పాను. తప్పు పెట్టెది కాదు, నా ప్లగ్‌ది. రిగ్ మెనూలో కీ జాక్ ప్యాడిల్ (ఒకవైపు నొక్కితే డిట్లు, ఇంకోవైపు నొక్కితే డాలు వరసగా వచ్చే మీట) మోడ్‌లో ఉంది. అలాంటప్పుడు మోనో ప్లగ్ గుచ్చితే జాక్ లోపలి రెండో కాంటాక్ట్ గ్రౌండ్ అయిపోయి, ప్యాడిల్‌ని నొక్కి పట్టుకున్నట్టే అవుతుంది. స్టీరియో ప్లగ్ వాడినా మోడ్ మార్చకపోతే పెట్టె పంపే ప్రతి డా డిట్ల వరసగా మారిపోతుంది. కాబట్టి రిగ్ మెనూలో కీయర్‌ని ఆఫ్ చేసి, స్ట్రెయిట్ కీ ఎంచుకోండి. ఈ ఒక్క సెట్టింగ్ చాలామంది సాయంత్రాలను తినేసింది.

చేతి కీని తీసి పక్కన పెట్టొద్దు. వై కేబుల్ చేసి, పెట్టె పాజిటివ్ లైన్‌కి సమాంతరంగా చేతి కీ కూడా కలపండి. రెండూ చేసే పని లైన్‌ని గ్రౌండ్‌కి కలపడమే కాబట్టి ఒకదానికొకటి అడ్డం రావు. మధ్యలో ఒక మాట చేత్తో కొట్టాలనిపిస్తే కొట్టొచ్చు.

రిగ్‌లో సెమీ బ్రేక్-ఇన్ పెట్టండి. కీ పడగానే రిగ్ తనంతట తానే ట్రాన్స్‌మిట్‌కి వెళుతుంది, ఆగిన కాసేపటికి తిరిగి వస్తుంది. అప్పుడు పీటీటీ లైన్ (ట్రాన్స్‌మిట్‌కి మార్చే తీగ) కలపాల్సిన పని లేదు.

టెర్మినల్

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సీరియల్ పోర్టు ఉండదు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్ కావాలి. పెట్టె వైపు 25 పిన్నుల కనెక్టర్ ఉంటుంది కాబట్టి 9 నుంచి 25 పిన్నులకు మారే అడాప్టర్ కూడా తెచ్చుకోండి. పుట్టీ, టెరా టెర్మ్, లినక్స్ వాడేవాళ్లకి మినీకామ్, ఏదైనా పనికొస్తుంది. వేగం 1200 లేదా 9600 పెట్టి, 7 డేటా బిట్లు, ఈవెన్ పారిటీ ఎంచుకోండి.

పెట్టె ఆన్ చేయగానే తెర మీద చెత్త అక్షరాలు కనిపిస్తే భయపడకండి. అది మీ వేగం కోసం వెతుకుతోంది. నక్షత్రం గుర్తు కొట్టమని అడుగుతుంది. కీబోర్డులో ఆ గుర్తు ఒకసారి కొట్టి కాసేపు ఆగండి. వేగం పట్టుకోగానే స్వాగత వాక్యం, దాని కింద ‘సీఎండీ’ అన్న ప్రాంప్ట్ వస్తాయి. ప్రతిసారీ ఇలాగే నక్షత్రం అడుగుతోందంటే లోపల మెమరీని నిలబెట్టే సెల్స్ అయిపోయాయన్నమాట. పాత సెల్స్ కారి బోర్డుని తినేస్తాయి, కొన్న రోజే మూత తీసి చూసుకోవడం మంచిది.

ప్రాంప్ట్ దగ్గర ‘ఎంఓ’ అని కొట్టి ఎంటర్ నొక్కితే మోర్స్ మోడ్‌లోకి వెళుతుంది. కామ్ ఉన్నవాళ్లు ‘సీడబ్ల్యూ’ అని కొట్టి పక్కన వేగం రాస్తారు.

వినడం

అసలు పని ఇక్కడుంది, తొందరపడకండి.

మొదటి రోజే చేత్తో కొట్టే వాళ్లని వినకండి. యంత్రం కొట్టే మోర్స్‌తో మొదలుపెట్టండి. 14.100 మెగాహెర్ట్జ్ మీద ప్రపంచమంతా 18 బీకన్లు (తమంతట తామే పంపే స్టేషన్లు) వంతులవారీగా పలుకుతాయి. ఒక్కొక్కదానికి 10 సెకన్లు, మొత్తం చక్రం 3 నిమిషాలు. తన కాల్‌సైన్‌ని (స్టేషన్ గుర్తింపు పేరుని) నిమిషానికి 22 మాటల వేగంతో కొట్టి, ఆ వెంటనే ఒక్కో సెకను పొడవున్న నాలుగు డాలు పంపుతుంది. మొదటిది 100 వాట్లతో, తర్వాత 10, 1, చివరిది ఒక వాటులో పదోవంతు. కొలంబోది 4ఎస్7బీ, హాంకాంగ్‌ది వీఆర్2బీ, జపాన్‌ది జేఏ2ఐజీవై. విశాఖ నుంచి కొలంబో గీత గీస్తే సుమారు 1,250 కిలోమీటర్లు. ఆ డాలలో ఎన్ని వినిపిస్తున్నాయో లెక్కపెడితే ఆ పూట బ్యాండ్ ఎలా ఉందో తెలుస్తుంది, మీ పెట్టె సరిగ్గా చదువుతోందో లేదో కూడా తేలుతుంది.

ట్యూనింగ్ ఇలా. పెట్టె ఫిల్టర్ ఒక స్వరం దగ్గర, చాలా పెట్టెల్లో 700 నుంచి 800 హెర్ట్జ్ మధ్య, కేంద్రమై ఉంటుంది. రిగ్ సైడ్‌టోన్‌ని (మీరు కొట్టేది మీకు వినిపించే స్వరాన్ని) కూడా అదే స్వరానికి మెనూలో పెట్టుకోండి. ఇక రిసీవర్‌ని తిప్పుతూ, వచ్చే సిగ్నల్ స్వరం సైడ్‌టోన్ స్వరంతో కలిసేదాకా రండి. సంగీతం నేర్చుకున్నవాళ్లు శ్రుతి కలిపినట్టే ఇదీ. స్వరం కలిస్తే పెట్టె ముందు లైట్లు డిట్‌కీ డాకీ తాళం వేస్తాయి. అంతేకాదు, మీరు పంపేటప్పుడు సరిగ్గా అవతలివాళ్ల ఫ్రీక్వెన్సీ మీదే ఉంటారు.

ఇప్పుడు త్రెషోల్డ్ నాబ్, అంటే ఎంత బలమైన శబ్దాన్ని సిగ్నల్‌గా లెక్కించాలో పెట్టెకి చెప్పేది. సిగ్నల్ లేనిచోట రిసీవర్ పెట్టి చూడండి. తెర మీద ఈ ఈ టీ ఈ ఐ ఈ టీ ఈ అని వాన చినుకుల్లా అక్షరాలు రాలుతుంటే, పెట్టె రొదని మోర్స్ అనుకుంటోందన్నమాట. ఒక డిట్ అంటే ఈ, ఒక డా అంటే టీ, రెండు డిట్లు ఐ. రొదలో చిన్న టిక్ వచ్చినా అది ఈ. ఆ వాన దాదాపు ఆగేదాకా త్రెషోల్డ్ తిప్పి, అక్కడ ఆపండి. ఇంకా తిప్పితే బలహీనమైన సిగ్నళ్లు పోతాయి.

ఇంకొక చిట్కా. రిగ్ ఏజీసీ (శబ్దం మట్టాన్ని తనంతట తానే సరిచేసే భాగం) ఖాళీలలో గెయిన్ పెంచేసి రొదని పైకి తెస్తుంది. దాన్ని పూర్తిగా ఆపేసి ఆర్ఎఫ్ గెయిన్ చేత్తో తగ్గించండి. ఇలా చేశాక చదవడం కళ్లెదుటే బాగుపడుతుంది. 500 హెర్ట్జ్ ఫిల్టర్ ఉంటే వేయండి. ఇంకా సన్నని ఫిల్టర్ ఉన్నా మొదట్లో వద్దు, సిగ్నల్ జారిపోతే వెతకడం కష్టం.

వేగాన్ని పెట్టె తనంతట తానే పసిగడుతుంది, కొన్ని అక్షరాలు విన్నాక. కానీ సిగ్నల్ లేచి పడుతున్నప్పుడు, మధ్యలో ఉరుము టప్పుమన్నప్పుడు ఆ అంచనా చెదిరిపోతుంది. అప్పటికి పనికొచ్చేది ‘లాక్’ ఆదేశం. చక్కగా చదువుతున్న క్షణంలో దాన్ని ఇస్తే ఆ వేగాన్ని పట్టి ఉంచుతుంది. మన వైపు ఏప్రిల్, మే సాయంత్రాల్లో కొండల మీద మేఘాలు కమ్మినప్పుడు 40 మీటర్ల బ్యాండ్‌లో (7 మెగాహెర్ట్జ్) ఉరుముల రొద ఎక్కువ. ఆ రోజుల్లో లాక్ లేకుండా పెట్టెతో వినడం దండగ.

చెవి

మా పెదనాన్న తంతి ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఎంవీపీ కాలనీలో మా ఇంటికి వచ్చినప్పుడు పెట్టె ఆన్ చేసి గొప్పగా చూపించాను. ఒక బలహీనమైన స్టేషన్ పిలుస్తోంది. తెర మీద సగం అక్షరాలు, సగం ఈలు, టీలు. నేను తెర వైపే చూస్తున్నాను. ఆయన టీ గ్లాసు పట్టుకుని కిటికీ వైపు చూస్తూనే కాల్‌సైన్ మొత్తం చెప్పేశారు. పెట్టె ఇంకా దాన్ని ముక్కలుగానే చూపిస్తోంది. “దాని మీంచి చూపు తియ్యరా, ముందు చెవి పెట్టు. అది విన్నది నీకు తర్వాత చెప్తుంది” అన్నారు. ఆ రోజు నుంచి ఎవరి కాల్‌సైన్ అయినా కాగితం మీద నా చెవితో రాసుకున్నాకే తెర చూస్తాను. రెండూ కలిస్తే సరే, కలవకపోతే మళ్లీ అడుగుతాను. తెర మీద పడింది చూసి లాగ్‌లో (కాంటాక్టుల పుస్తకంలో) రాసేస్తే, అవతలివాడి లాగ్‌లో మీరుండరు, మీ లాగ్‌లో వాడుండడు.

పంపడం

మొదట యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ పెట్టండి. పవర్ 10 వాట్లు చాలు. ‘ఎంస్పీడ్’ అని కొట్టి పక్కన అంకె ఇస్తే అది పంపే వేగం. మొదట్లో 12 లేక 13 పెట్టుకోండి. మీరు 25తో పిలిస్తే అవతలివాళ్లు 25తోనే బదులిస్తారు, అది మీరు వినలేరు. మీరు చెవితో అందుకోగలిగిన వేగం కంటే ఎక్కువ వేగంతో ఎప్పుడూ పిలవొద్దు. పెట్టె ఉంది కదా అని ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు.

మోర్స్ మోడ్‌లో ‘ఎక్స్’ కొడితే ట్రాన్స్‌మిట్. ఇక మీరు టైప్ చేసిందల్లా గాలిలోకి పోతుంది. కంట్రోల్, డీ కలిపి నొక్కితే ఉన్న మాటలన్నీ పంపేశాక తనంతట తానే రిసీవ్‌కి వస్తుంది. వెంటనే ఆపాలంటే ఆదేశాల ప్రాంప్ట్‌కి వెళ్లి ‘ఆర్’. ఈ రెండూ చేతివేళ్లకి అలవాటయ్యేదాకా డమ్మీ లోడ్ మీదే ఉండండి. అవతలివాళ్లు మాట్లాడుతుండగానే మీ జవాబు టైప్ చేసి పెట్టుకునే వీలూ ఉంది, అలవాటయ్యాక వాడుకోండి.

విరామ గుర్తులు కొన్ని మోర్స్‌లో రెండు పనులు చేస్తాయి. ప్లస్ గుర్తు కొడితే అది సందేశం ముగిసిందని చెప్పే ఏఆర్. సమానం గుర్తు కొడితే వాక్యాల మధ్య వేసే బీటీ. ఎడమ బ్రాకెట్ కొడితే, నేను పిలిచినవాడే పలకాలి అని చెప్పే కేఎన్. తీగలో వీటి రూపాలు అవే కాబట్టి వేరే ఆదేశం అక్కర్లేదు.

డమ్మీ లోడ్ మీద పంపుతూ రెండో రిసీవర్‌తో మీ సిగ్నల్ వినండి. మొదటి డిట్ మింగేస్తోందా? సెమీ బ్రేక్-ఇన్‌లో రిగ్ రిలే తిరిగేలోపు అది పోతుంటుంది. బ్రేక్-ఇన్ డిలే పెంచి, పంపే మాటకి ముందు ఒక ఖాళీ ఇవ్వండి. డిట్లు మరీ పొట్టిగా, గొంతు నొక్కినట్టు ఉంటే ‘ఎంవెయిట్’ ఆదేశంతో బరువు కొంచెం పెంచండి. కొంచెమే. ఎక్కువైతే ఖాళీలు పూడుకుపోయి వినేవాళ్లకి చిరాకు.

పంపుతున్నప్పుడు ల్యాప్‌టాప్ ఆగిపోయినా, తెర మీద పిచ్చి అక్షరాలు పడినా, ఆర్ఎఫ్ (రిగ్ పంపే రేడియో శక్తి) కేబుల్‌లోకి వస్తోందన్నమాట. సీరియల్ కేబుల్‌ని ఫెర్రైట్ రింగు చుట్టూ ఆరేడు చుట్లు చుట్టండి. పెట్టె బాడీని, రిగ్ బాడీని మందపాటి తీగతో కలపండి. అప్పటికీ తగ్గకపోతే యాంటెన్నాని ఇంటికి కాస్త దూరం జరపడమే దారి.

మొదటి కాంటాక్ట్

యాంటెన్నా లేనివాళ్లు 7.020కి డైపోల్ కట్టుకోండి. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు, అంటే సుమారు 20.4 మీటర్లు. రెండు చేతులు, ఒక్కొక్కటి 10.2. కొంచెం పొడవుగా కత్తిరించి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో చూపే కొలత) చూస్తూ తగ్గించుకోవాలి. మేడ మీద ట్యాంకు స్తంభానికి మధ్య భాగం కట్టి, రెండు చేతులూ వాలుగా దింపినా పగలు హైదరాబాద్ దాకా హాయిగా పని చేస్తుంది.

పిలిచే ముందు ఒక నిమిషం వినండి. తర్వాత క్యూఆర్ఎల్ అని ప్రశ్న గుర్తుతో పంపండి, ఈ ఫ్రీక్వెన్సీని ఎవరైనా వాడుతున్నారా అని. రెండుసార్లు అడిగినా జవాబు రాకపోతే పిలవొచ్చు. సీక్యూ మూడుసార్లు, డీఈ (‘నుంచి’ అని), మీ కాల్‌సైన్ రెండుసార్లు, చివర కే (‘ఇక పలకండి’ అని). ఇరవై సీక్యూలు వేసి ఒక్కసారి పేరు చెప్పేవాళ్ల కోసం ఎవరూ ఆగరు.

జవాబు వచ్చాక వాళ్ల కాల్‌సైన్, డీఈ, మీ కాల్‌సైన్, తర్వాత రిపోర్టు, ఊరు, పేరు. రిపోర్టు మూడంకెలు: ఎంత స్పష్టంగా ఉంది, ఎంత బలంగా ఉంది, స్వరం ఎంత శుభ్రంగా ఉంది. 599 అంటే అన్నీ బాగున్నట్టు. మర్యాద కోసం అందరికీ 599 ఇచ్చే అలవాటుంది. నాకది నచ్చదు. 449 వింటే 449 అనే చెప్పండి, అవతలివాడికి తన యాంటెన్నా సంగతి తెలుస్తుంది. ఊరు అని చెప్పాలంటే క్యూటీహెచ్ వైజాగ్ చాలు. గ్రిడ్ (మ్యాప్‌లో మన గడి పేరు) అడిగితే ఎన్‌కే17. అందకపోతే సిగ్గుపడకుండా క్యూఆర్ఎస్ అనండి, తాపీగా పంపమని. చివర 73 (శుభాకాంక్షలు), ఎస్‌కే (ముగిసింది).

ఇంకొక సరదా ఉంది. అవతలివాళ్లు తెలుగువాళ్లయితే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే పంపొచ్చు. ‘బాగున్నారా’ అని డిట్లలో వింటే కలిగే ఆనందం వేరు. పెట్టె దానికీ అడ్డం చెప్పదు, దానికి అన్ని భాషలూ ఒకటే.

కాంటాక్ట్ అయ్యాక లాగ్‌లో తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, ఇచ్చిన రిపోర్టు, వచ్చిన రిపోర్టు రాయండి.

సముద్రం పక్కన ఉన్నవాళ్లకి

ఉప్పుగాలి మన ఊళ్లో రేడియోలకి మొదటి శత్రువు. బీచ్ రోడ్డుకి కిలోమీటరు లోపు ఇల్లున్నవాళ్లకి కోయాక్స్ కనెక్టర్ ఒక్క వానాకాలంలోనే పచ్చబడుతుంది. బయటి జాయింట్లన్నీ సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపుతో చుట్టి, పైన మామూలు ఇన్సులేషన్ టేపు వేయండి. పెట్టె వెనక జాక్‌లను మూడు నెలలకోసారి కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి. కీ కాంటాక్టులకి తెల్ల కాగితం ముక్క మధ్యలో పెట్టి నొక్కి లాగితే చాలు, గరుకు కాగితం వద్దు. మోర్స్‌లో మురికి పట్టిన కాంటాక్టు అంటే విరిగిన డా, విరిగిన డా అంటే తప్పు అక్షరం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. విశాఖలో ఆ వారం గడిపినవాళ్లెవరూ దాన్ని మరచిపోలేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకి చెందిన భారతీ ప్రసాద్ బృందంతో పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నారు. అభిరుచి కోసం పెట్టిన స్టేషన్లే ఆ పూట బాధితుల కబుర్లు మోసే స్టేషన్లయ్యాయి. అలాంటి రోజు ల్యాప్‌టాప్ చార్జింగ్ గంటల్లో అయిపోతుంది. రిగ్, కారు బ్యాటరీ, చేతి కీ మాత్రం పని చేస్తాయి. అందుకే వారానికి ఒక కాంటాక్ట్ అయినా పెట్టె ఆపేసి చేయండి.

పెట్టెతో నేర్చుకోవడం

నా దృష్టిలో దీని అసలు విలువ ఇక్కడుంది, జనరల్ గ్రేడ్ పరీక్షకి చదివేవాళ్లకి ముఖ్యంగా.

రిగ్‌లో బ్రేక్-ఇన్ ఆఫ్ చేయండి. ఇప్పుడు కీ పడితే సైడ్‌టోన్ మాత్రమే వినిపిస్తుంది, గాలిలోకి ఏమీ పోదు. ఎంస్పీడ్ 16 పెట్టి, ఇంట్లో ఎవరినైనా టైప్ చేయమనండి. మీరు తెర చూడకుండా రాసుకోండి. పెట్టె ఒక్కో అక్షరాన్ని కొట్టగానే పంపుతుంది కాబట్టి, టైప్ చేసేవాళ్లు అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగితే అక్షరం వేగంగానే ఉంటుంది, ఖాళీ పెద్దదవుతుంది. కొత్తవాళ్లకి ఇదే సరైన పద్ధతి. అక్షరాన్ని నెమ్మదిగా వింటే చుక్కలు లెక్కపెట్టే అలవాటు పడుతుంది, అది తర్వాత వదలదు. వేగంగా వింటే అక్షరం మొత్తం ఒక స్వరంలా గుర్తుండిపోతుంది. మా పదేళ్ల అమ్మాయి తన క్లాసులోవాళ్ల పేర్లు టైప్ చేసేది, నేను రాసేవాణ్ని. రెండు నెలల్లో నా వేగం 8 దాటింది.

పంపడానికి అద్దం కూడా ఇదే. చేతి కీతో ఒక పేరా కొట్టండి, సైడ్‌టోన్‌ని ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ రికార్డింగును హెడ్‌ఫోన్ జాక్ నుంచి పెట్టె శబ్దం దారిలోకి ఇచ్చి, మీ చేతిరాత ఎలా ఉందో తెర మీద చూడండి. నా మొదటి రికార్డింగులో సీలన్నీ ఎన్ ఎన్ అని పడ్డాయి. క్యూలన్నీ ఎం ఏ. అక్షరం మధ్యలో నాకు తెలియకుండానే ఆగుతున్నానని అప్పుడు తెలిసింది. రోజుకి పదిహేను నిమిషాలు, డా డిట్ డా డిట్, ఒక్క ఊపిరిలో. మూడో వారంలో తెర మీద సీక్యూ అని పడింది.